వానలోనూ గుర్రం పరుగు ఆగకుండా: సింథటిక్ బాట కింద నీటిదారి

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో జూన్‌లో పట్టిన వానలు తెరిపినిచ్చేసరికి అక్టోబరు తుఫానులు వచ్చిపడతాయి. అందుచేత ఇక్కడ గుర్రాల సాధనకు సింథటిక్ బాట వేయదలచినవారు పైపొర ధర విచారించడానికి ముందే, నేల కింద నీరు ఎటు పోతుందో తేల్చుకోవాలి.

పైన పరిచేది మైనం పట్టించిన ఇసుక. అందులో కృత్రిమ నారపోగులు, కొన్ని రకాల్లో రబ్బరు తునకలు కలుపుతారు. మైనం వల్ల రేణువు నీటిని పీల్చుకోదు కాబట్టి వాననీరు సందుల్లోంచి దిగి, కింది పిక్క (కంకర రాళ్ల) పొర దాటి, అడుగున పరిచిన గొట్టాల్లో పడుతుంది. ఆ దారి మూసుకుంటే ఎంత ఖరీదైన బాటైనా చెరువే. అమెరికాలో కాలిఫోర్నియాలోని శాంటా అనీటా గుర్రప్పందేల మైదానంలో 2007లో వేసిన సింథటిక్ బాటలో నీరు దిగక 2008 ఆరంభంలో పందేలు రద్దయ్యాయి. 2010 చివరికి అక్కడ మళ్లీ మట్టి బాటే వేశారు.

స్థలంలో అడుగు చదరాన, రెండడుగుల లోతున గొయ్యి తీసి నిండా నీరు పోయండి. పొడినేల మొదటి నీటిని తాగేస్తుంది, ఆ వేగాన్ని నమ్మవద్దు. మర్నాడు మళ్లీ నింపి, గీతలు గీసిన పుల్ల నిలబెట్టి, గంటకు ఎన్ని అంగుళాలు దిగిందో చూడండి. నీరు మెల్లగా దిగే బంకమట్టి అయితే పిక్క కింద జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపే కృత్రిమ గుడ్డ) తప్పనిసరి. తీరపు ఇసుకనేలలో వానాకాలం గోతి అడుగు నుంచే నీరు ఊరితే, బాటను ఎత్తు చేయక తప్పదు.

వాన వెలిశాక గుర్రాన్ని ముందు నడిపించి డెక్క జాడ చూడండి. జాడ అంచులు నిలిచి అడుగు తడిగా ఉంటే మంచిదే. నీరు ఊరితే ఆ రోజు పరుగు వద్దు. తడిసిన ఇసుక సాధారణంగా బిగుస్తుంది. వెనుక గుర్రం ముఖాన ఇసుక చిమ్మడం తగ్గినా వేగం పెరిగి కాళ్లకు అదురు ఎక్కువవుతుంది కనుక, పళ్ల గుంటకతో పైపొరను వదులు చేయాలి. లద్దిని, సరుగుడు ఆకును ఏ రోజుకారోజు ఎత్తేయండి. అవి నలిగి పొడై సందులను పూడ్చేస్తాయి.

నీరు బయటికి పోయే గొట్టం మూతిని గెడ్డ (వాగు) వరదమట్టానికి పైన ఉంచండి, లేకుంటే నీరు వెనక్కి తంతుంది. తొలి పెద్ద వానకు అక్కడ నిలబడి చూడండి: తేటనీరు వస్తే పొరలు నిలిచినట్టు, బురదనీరు వస్తే గుడ్డ ఎక్కడో చిరిగినట్టు.