లారీకి వేరే ప్రొపెల్లర్ షాఫ్ట్ కొనే ముందు కొలతలు ఎట్ల తీయాలె

ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటే గేర్‌బాక్స్ నుంచి ఎనక ఇరుసుకు తిప్పుడు అందించే పొడుగు గొట్టం. పాత షాఫ్ట్‌ను ఆటోల ఏస్కొని పోయి గిట్లాంటిదే ఇయ్యమని అడుగుడు అందరు చేసేదే. కానీ వరంగల్, భూపాలపల్లి దిక్కు తిరిగే సెకండ్‌హ్యాండ్ టిప్పర్లల్ల ఎన్కట ఎవరో గేర్‌బాక్స్ మార్చి ఉంటరు, లేకుంటే ఛాసిస్ పెంచి ఉంటరు, అసుంటప్పుడు పాత షాఫ్టే తప్పు సైజు అయి ఉండొచ్చు. అందుకే కొలత బండి మీద తీయాలె, పాతది పక్కన పెట్టి సరిచూస్కునేందుకే.

బండి సమానమైన నేల మీద నిలబడాలె, బరువు చక్రాల మీదనే ఉండాలె. జాకీ మీద ఛాసిస్ లేపి కొలిస్తే హౌసింగ్ (ఎనక ఇరుసు) కిందికి వేలాడి పొడవు తప్పుతది. షాఫ్ట్ ఇప్పినంక గేర్‌ల పెట్టినా బండి ఆగదు, గేర్‌బాక్స్ మీద హ్యాండ్‌బ్రేక్ ఉండే బండ్లైతే అది కూడా పని చెయ్యదు, కాబట్టి ఇప్పక ముందే చక్రాలకు ముందు ఎనక గట్టి చెక్కలు పెట్టుండ్రి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

గేర్‌బాక్స్ ఫ్లాంజి (షాఫ్ట్‌ను బోల్టులతో బిగించే గుండ్రటి బిళ్ళ) ముఖం నుంచి హౌసింగ్ ఫ్లాంజి ముఖం దాకా టేపు గుంజి పట్టాలె, ఇద్దరుంటే మంచిది. షాఫ్ట్ రెండు ముక్కలదైతే సెంటర్ బేరింగ్ (నడుమ షాఫ్ట్‌ను మోసే బేరింగ్) దాకా ఒకటి, అక్కడి నుంచి హౌసింగ్ దాకా ఇంకోటి, ఏ ముక్కకు ఆ ముక్క కొలవాలె. బేరింగ్ రబ్బరు చినిగి షాఫ్ట్ కిందికి జారి ఉంటే ముందు దాన్ని మార్చి అప్పుడు కొలవాలె.

ఇగ అసలు సంగతి స్లిప్ జాయింట్ దగ్గరుంటది, అంటే స్ప్లైన్ పళ్ళ మీద ఒకదాన్ల ఒకటి జారి షాఫ్ట్ పొడవు పెరిగి తగ్గే జాగ. కొత్త షాఫ్ట్‌ను పూర్తిగా మూసి ఒక కొలత, పూర్తిగా లాగి ఒక కొలత తీయాలె. మూస్తే 1200 మిల్లీమీటర్లు, లాగితే 1310 వచ్చిందనుకో, బండి మీది కొలత 1250 దగ్గర ఉంటే మంచిగుంటది. అదే 1205 ఉంటే కమాన్లు ఆడినప్పుడు షాఫ్ట్ అటు ఇటు గుద్దుకొని గేర్‌బాక్స్ బేరింగ్ పోతది, 1300 ఉంటే స్ప్లైన్ పళ్ళు కొసకే పట్టుకొని ఉంటయి, గుంతల పడితే ఊడొస్తది. పాత షాఫ్ట్ స్ప్లైన్ మీద గ్రీజు తుడిచి చూడుండ్రి, రోజూ రాసుకున్న జాగ మెరుస్తుంటది, మిగతాది మట్టి పట్టి నల్లగ ఉంటది. ఆ మెరుపు ఒక కొసకే ఉంటే పాత పొడవు తప్పన్నట్టే.

ఫ్లాంజికి బోల్టులెన్నో లెక్కపెట్టి, ఎదురెదురు బొక్కలల్ల ఒకదాని లోపలి అంచు నుంచి రెండోదాని బయటి అంచు దాకా కొలిస్తే బోల్టుల గుండ్రం సైజు వస్తది. నడుమ గూడు సైజు, యూజే క్రాస్ (షాఫ్ట్ కొసల మలిగేందుకు ఉండే ప్లస్ ఆకారం ముక్క) కప్పు లావు, కప్పు నుంచి కప్పు దాకా పొడవు వెర్నియర్‌తోనే తీయాలె, క్రాస్‌ల అర మిల్లీమీటరు తేడా వచ్చినా కూసోదు. ట్యూబు లావు కూడా రాస్కోండ్రి.

పొడవు సరిపోక లేత్ షాపుల ట్యూబు కోసి వెల్డింగ్ కొట్టిస్తే రెండు కొసల క్రాస్ పట్టే ఫోర్కులు ఒకే వరుసల ఉండాలె, బ్యాలెన్స్ మిషన్ మీద తప్పకుంట తిప్పించాలె. వెల్డింగ్ చేసినోళ్ళు మంచోళ్ళే కదా అని బ్యాలెన్స్ వదిలేస్తే స్పీడ్‌ల బండంత వణుకుతది, క్రాస్‌లు తొందరగ పోతయి. బిగించినంక ఒక ట్రిప్పు కొట్టొచ్చి ఫ్లాంజి బోల్టులు మళ్ళ ఒకసారి టైట్ చేయాలె.