పాస్‌పోర్టులో విశ్వనాథ, ఒడియా కాగితంలో బిశ్వనాథ: కెనడా స్టడీ పర్మిట్ చిక్కులు

సమస్య: కెనడాలో చదువుకోవడానికి అనుమతి (స్టడీ పర్మిట్) కావాలి. చదువు ఖర్చు నాన్న పెట్టుకుంటున్నారు, కానీ ఆయన కొడుకువని చూపే కాగితంలో నీ పేరు పాస్‌పోర్టుతో కలవడం లేదు.

కారణం: ఒడియాలో మన 'వ' చాలాచోట్ల 'బ' అయిపోతుంది. ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు మన తెలుగువాళ్లకిది పాత తలనొప్పే. పైగా ఇంటిపేరు మనం ముందు పెడతాం, ఆఫీసు గుమస్తా చివరికి నెడతాడు. బడిలో అదే పేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది. ఊళ్లో ఎవరినడిగినా అది నువ్వేనంటారు. కెనడా వీసా అధికారికి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

పరిష్కారం: పాస్‌పోర్టులో ఉన్న పేరునే దరఖాస్తు, అడ్మిషన్ లెటర్, బ్యాంకు లెటర్ అన్నింట్లో వాడు. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి, వివరణ లేఖలో రెండు వాక్యాలు రాయి. తప్పు పాస్‌పోర్టులోనే ఉంటే ముందు దాన్ని దిద్దించుకో. మిగతావన్నీ ఆ తర్వాతే.

సమస్య: ఒడియా కాగితానికి ఇంగ్లిష్ అనువాదం జతచేసినా చెల్లలేదు.

కారణం: చాలాసార్లు ఆ అనువాదం మన ఇంట్లోని చదువుకున్న మేనమామే చేసి ఉంటాడు. కుటుంబ సభ్యులు చేసింది ఒప్పుకోరు, ఆయన ఎంత పండితుడైనా సరే.

పరిష్కారం: బయటి అనువాదకుడు చేసిన అనువాదం, ఆయన ప్రమాణం చేసిన అఫిడవిట్, అసలు కాగితం కాపీ. మూడూ కలిపి పెట్టు.

సమస్య: ఆస్తి ఉన్నా 'నిధులు చాలవు' అన్నారు.

కారణం: పొలం పట్టా చేతిలో డబ్బు కాదు. 2025 సెప్టెంబరు 1 నుంచి, క్యుబెక్ ప్రావిన్స్ (కెనడాలో రాష్ట్రం లాంటిది) బయట చదివే ఒంటరి విద్యార్థి ఏడాది జీవన ఖర్చుకే 22,895 కెనడా డాలర్లు చూపాలి. మొదటి ఏడాది ఫీజు, ప్రయాణ ఖర్చు దీనికి అదనం. నిన్నగాక మొన్న ఖాతాలో పడిన పెద్ద మొత్తం అనుమానం పుట్టిస్తుంది.

పరిష్కారం: నాలుగు నెలల స్టేట్‌మెంటు, విద్యారుణం మంజూరు లేఖ, కట్టిన ఫీజు రసీదు పెట్టు. బంగారం కుదువపెట్టినా, పొలం అమ్మినా ఆ కాగితం కూడా జతచెయ్యి.

సమస్య: అడ్మిషన్ లెటర్ ఉన్నా దరఖాస్తు తిరిగొచ్చింది.

కారణం: చదవబోయే ప్రావిన్స్ ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ లేఖ జతచేయలేదు. 2024 జనవరి 22 నుంచి చాలామందికి ఇది తప్పనిసరి. ప్రభుత్వ విద్యాసంస్థల్లో మాస్టర్స్, పీహెచ్‌డీ చేసేవారికి మాత్రం 2026 జనవరి 1 నుంచి అక్కర్లేదు.

పరిష్కారం: ఆ లేఖ సాధారణంగా కాలేజీ ద్వారానే వస్తుంది. కాలేజీకే రాసి అడుగు, ఏజెంట్ మాట మీద కూర్చోకు.

వైద్య పరీక్ష సంగతి చిన్నదే. మన ఊరి డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పనికిరాదు, కెనడా గుర్తించిన ప్యానెల్ డాక్టరే చూడాలి. వేలిముద్రలకైతే బయోమెట్రిక్ లేఖ వచ్చాక 30 రోజులే గడువు. వేలిముద్రల కేంద్రానికి వెళ్లడానికి రైలు టికెట్టు ముందే చూసుకో.