డాబా మీద నుంచి ఓరియన్ నెబ్యులా ఫొటో తీయడం ఎలా?

డీప్ స్కై ఫొటోలు, అంటే నెబ్యులాలు, గెలాక్సీల లాంటి దూరపు వాటి ఫొటోలు మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, ఎం42తో, అంటే ఓరియన్ నెబ్యులా (నీహారిక, వాయువు, ధూళి మేఘం)తో మొదలుపెట్టండి. దాదాపు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నా, హైదరాబాద్ లాంటి వెలుతురు నిండిన ఊళ్లో కూడా దొరికేంత కాంతి ఉంది దానికి. జనవరి చివర్లో రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకి దక్షిణంలో బాగా ఎత్తుకి వస్తుంది. ఓరియన్ నడుము దగ్గర వరసగా ఉండే మూడు చుక్కలకి కాస్త కింద మసగ్గా కనిపించేదే అది. అమావాస్యకి అటూ ఇటూ వారం రోజులు చూసుకోండి.

కావలసినవి: మామూలు డీఎస్ఎల్ఆర్, 200 ఎంఎం లెన్స్, గట్టి ట్రైపాడ్, స్టార్ ట్రాకర్ (ఆకాశంతో పాటు కెమెరాని మెల్లగా తిప్పే మోటారు). ట్రాకర్ ఎందుకంటే ఆకాశం గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది, 200 ఎంఎం దగ్గర రెండు సెకన్లు దాటేలోపే చుక్కలు గీతలైపోతాయి. డబ్బులు ఖర్చు పెట్టాలంటే కెమెరా కన్నా ముందు దీని మీద పెట్టండి.

ముందు ట్రైపాడ్ చోటు. ఇంటి దగ్గర తీయడంలో ఉన్న పెద్ద సుఖం ఇదే, కాళ్లు మూడూ ఆనే చోట పెయింట్‌తో గుర్తులు పెట్టుకుంటే మర్నాడు సగం పని అయిపోయినట్టే. ఎక్స్‌పోజర్ నడుస్తుండగా డాబా మీద ఎవర్నీ నడవనివ్వకండి, స్లాబ్ అదిరినా చుక్కలు పొడుగవుతాయి.

తర్వాత పోలార్ అలైన్‌మెంట్, అంటే ట్రాకర్ ఇరుసుని ఆకాశపు ఉత్తర ధ్రువం వైపు గురిపెట్టడం. అసలు పనంతా ఇక్కడే ఉంది. మీ ఊరి అక్షాంశం ఎంతో ధ్రువ నక్షత్రం దాదాపు అంత ఎత్తులోనే ఉంటుంది: హైదరాబాద్‌లో 17.4 డిగ్రీలు, విజయవాడలో 16.5, తిరుపతిలో 13.6. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే అది సుమారు పది డిగ్రీలు, అంటే మనకి ధ్రువ నక్షత్రం రెండు పిడికిళ్ల ఎత్తు కూడా ఉండదు. విదేశీ వీడియోల్లో అది తల పైకెత్తి చూసేంత ఎత్తులో ఉంటుంది కాబట్టి ఈ ఇబ్బంది వాళ్లు చెప్పరు. మనకేమో పిట్టగోడో, పక్కింటి వాటర్ ట్యాంకో అడ్డొస్తుంది. అందుకని చోటు ఎంచుకునేటప్పుడే ఉత్తరం వైపు ఖాళీ చూసుకోండి. పోలార్ స్కోప్‌లో (ట్రాకర్‌కి ఉండే గురి చూసే చిన్న దుర్భిణి) ధ్రువ నక్షత్రాన్ని సరిగ్గా మధ్యలో పెట్టకూడదు, అసలు ధ్రువం దానికి 0.6 డిగ్రీల పక్కన ఉంటుంది. ఆ రోజు, ఆ సమయానికి ఎక్కడ పెట్టాలో ఫోన్ యాప్ చూపిస్తుంది.

ఫోకస్‌కి లెన్స్ మీద ఉన్న ఇన్ఫినిటీ గుర్తుని నమ్మొద్దు. మృగవ్యాధుణ్ణి (సిరియస్, బాగా మెరిసే చుక్క) లైవ్ వ్యూలో పదింతలు పెద్దది చేసి, రింగ్‌ని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ చుక్క అతి చిన్నదయ్యాక టేప్ వేసేయండి. రాత్రి చల్లబడేకొద్దీ ఫోకస్ జారుతుంది, గంటకోసారి చూసుకోవాలి.

ఇక ఫొటోలు. రా ఫార్మాట్, ఐఎస్ఓ 800, ఎఫ్4, 30 సెకన్లు చొప్పున కనీసం 120. ఫ్రేములు నాలుగింతలైతే, అన్నీ కలిపాక నాయిస్ (ఫొటోలో గరుకు) సగానికి తగ్గుతుంది, అందుకే ఇన్ని. నీహారిక నడిబొడ్డు మాత్రం 30 సెకన్లలో తెల్లగా కాలిపోతుంది, దానికోసం 5 సెకన్లవి ఓ ఇరవై విడిగా తీయండి.

వెంటనే లెన్స్‌కి మూత పెట్టి అవే సెట్టింగులతో 20 డార్క్స్ (కెమెరా సొంత నాయిస్‌ని తీసేయడానికి), ఆ తర్వాత లెన్స్ మీద తెల్ల టీషర్టు ముడతల్లేకుండా బిగించి, వెలుతురు సమంగా ఉన్న వైపు తిప్పి 20 ఫ్లాట్స్ (దుమ్ము మచ్చల్ని, అంచుల చీకటిని సరిచేయడానికి). ఒకసారి ఫ్లాట్స్ పొద్దున్న తీద్దాంలే అని కెమెరా విప్పేశాను, రెండు గంటల కష్టం మధ్యలో దుమ్ము మచ్చ అలాగే ఉండిపోయింది. అప్పట్నుంచి అవి తీయకుండా కెమెరా కదపను.

మర్నాడు అన్నింటినీ సిరిల్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో వేసి స్టాక్ చేయండి, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి కలపండి, ఉచితమే. విమానాల, శాటిలైట్ల గీతల్ని అదే ఏరేస్తుంది. ముందు ఊరి వెలుతురు తెచ్చిన రంగుని బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్‌తో తీసేసి, అప్పుడే హిస్టోగ్రామ్ స్ట్రెచ్ చేయండి, అంటే చీకట్లో దాగినవి కనిపించేలా వెలుగు పెంచండి, కొంచెం కొంచెంగా. గులాబీ రంగు రెక్కలు విచ్చుకోవడం కనిపిస్తుంది. చివర్లో 5 సెకన్ల స్టాక్ నుంచి నడిబొడ్డుని తెచ్చి కలపండి.

ఎం42కి కొంచెం పైన నీలంగా ఇంకో చిన్న మబ్బు ఉంటుంది, ఎన్‌జీసీ 1977. అది తేలలేదంటే సమయం చాలలేదని అర్థం, పెయింట్ గుర్తుల మీదే మళ్లీ ట్రైపాడ్ నిలబెట్టి ఇంకో రాత్రి ఫ్రేములు వీటికి జత చేయండి.