బ్యాటరీ ఛార్జ్ ఎక్కట్లేదా? ఛార్జర్ నాబ్ తిప్పే ముందు ఇవి చూడండి

హెవీ డ్యూటీ ఛార్జర్ మీద 2, 10, 40 అంటూ ఆంపియర్ల అంకెలుంటాయి, చాలావాటికి చివర్లో ‘ఇంజన్ స్టార్ట్’ అని ఇంకొకటి. బ్యాటరీ ఎక్కట్లేదనగానే చాలామంది చెయ్యి నేరుగా పెద్ద అంకె మీదికి పోతుంది. తేడా మాత్రం చాలాసార్లు క్లిప్పుల దగ్గరో, బ్యాటరీ లోపలో ఉంటుంది. ఆంపియర్లు పెంచితే అది తగ్గదు సరికదా, ముదురుతుంది. బ్యాటరీ సామర్థ్యం ఎన్ని ఆంపియర్ అవర్లో (ఏహెచ్) అందులో పదో వంతు కరెంటు చాలు: 60 ఏహెచ్ బ్యాటరీకి 6 ఆంపియర్లు. ఇక్కడ చెప్పేదంతా 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ గురించే. లిథియం బ్యాటరీకి దాని ఛార్జర్ దానికే ఉండాలి.

క్లిప్పు తగిలించగానే నిప్పురవ్వలు

ఛార్జర్ ఆన్‌లో ఉండగా తగిలించారన్నమాట. బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, గాలిలో అది 4 శాతం చేరితే ఒక్క రవ్వ చాలు. ప్లగ్గు పెట్టకముందే ఎర్ర క్లిప్పు ప్లస్‌కి తగిలించండి. బ్యాటరీ కారులోనే ఉంటే నల్ల క్లిప్పు మైనస్ టెర్మినల్‌కి వద్దు. బ్యాటరీకీ పెట్రోల్ పైపులకీ దూరంగా, ఇంజన్ బ్లాకుకో ఛాసిస్ మీద రంగు లేని మందపాటి ఇనుముకో పెట్టండి. ఆ తర్వాతే ప్లగ్గు. తీసేటప్పుడు ముందు ప్లగ్గు, తర్వాత నలుపు, చివర్లో ఎరుపు. చేతికి ఉంగరం, గడియారం ఉంటే పనికి ముందే తీసెయ్యాలి. స్పానరుకీ టెర్మినల్‌కీ మధ్య ఉంగరం ఇరుక్కుంటే క్షణంలో ఎర్రగా కాలి వేలు కాలుస్తుంది.

ఛార్జర్ ఆన్ అయింది, బ్యాటరీని మాత్రం గుర్తించట్లేదు

ఎలక్ట్రానిక్ ఛార్జర్లు బ్యాటరీలో కొంతైనా వోల్టేజి కనిపిస్తేనే కరెంటు వదులుతాయి. క్లిప్పులు తారుమారైతే కాపాడేదీ ఆ ఏర్పాటే. కాబట్టి ముందు రంగులు సరిచూసి, తర్వాత మల్టీమీటర్ తీయండి. ముల్లును ఒకసారి సీసం పోస్టు (బ్యాటరీ టెర్మినల్) మీదే ఆనించి చూడండి, ఇంకోసారి క్లిప్పు మీద. రెండు అంకెలూ కలవకపోతే మధ్యలో తెల్లటి పొడి అడ్డం పడుతున్నట్టే. వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక వైరు బ్రష్‌తో మెరిసేదాకా రుద్దండి. సోడా నీళ్లు మాత్రం సెల్ మూతల్లోంచి లోపలికి పోకూడదు.

పోస్టు మీదే 10.5 వోల్టుల దగ్గర ఆగి, ఎంతసేపు ఛార్జ్ పెట్టినా అక్కడే ఉంటే ఒక సెల్ పోయినట్టే లెక్క. ఆ బ్యాటరీ మీద ఇంక కరెంటు దండగ. బాగా దిగిపోయిన బ్యాటరీ అయితే, ఛార్జర్‌లో మాన్యువల్ మోడ్ ఉన్నప్పుడు 2 ఆంపియర్ల మీద పెట్టి పక్కనే ఉండండి. వోల్టేజి మెల్లగా పైకి కదులుతుంటే ఆశ ఉంది. కదలకుండా డబ్బా వేడెక్కుతుంటే ఆపెయ్యండి.

కుళ్లిన గుడ్ల వాసన, బ్యాటరీ ఉబ్బడం, వేడి

వీటిలో దేన్నీ తేలిగ్గా తీసుకోకూడదు. వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. ఓవర్ ఛార్జ్ అయినా, లోపల సెల్ షార్ట్ అయినా వస్తుంది. కంగారులో క్లిప్పు పీకకండి, రవ్వ పుట్టేది అక్కడే. కరెంటు గోడ దగ్గరే ఆపి, తలుపులు తెరిచి బయటికి వచ్చేయండి. కాసేపటికి వాసన తగ్గినట్టనిపించినా నమ్మకండి, ముక్కు మొద్దుబారి ఉండొచ్చు. చల్లారాక చూడాల్సింది మోడ్: ఏజీఎం (యాసిడ్‌ను గాజు పీచు పొరల్లో పట్టి ఉంచే రకం) బ్యాటరీకి వేరే మోడ్ పెట్టారా, 15 వోల్టులు దాటే రిపేర్ మోడ్ ఏదైనా ఆన్‌లో ఉందా అని. ఉబ్బిన డబ్బాను మళ్లీ ఛార్జ్ పెట్టొద్దు. గడ్డకట్టిన బ్యాటరీకైతే కరిగేదాకా ఛార్జర్ తగిలించనే కూడదు.

మూతలు తీసే రకం బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ తగ్గినా వేడెక్కుతుంది. ఛార్జింగ్‌కు ముందు ప్లేట్లు మునిగేంత మాత్రమే పోయండి, గీత దాకా నింపడం ఛార్జ్ అయ్యాకే. ముందే నింపితే మట్టం పెరిగి యాసిడ్ పైకి పొర్లుతుంది. రక్షణ కళ్లద్దాలు లేకుండా మూత తీయకండి. కంట్లో పడితే ధారగా నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

క్లిప్పులో, వైరో చెయ్యి పెట్టలేనంత వేడి

క్లిప్పును దగ్గరగా చూడండి. చాలా క్లిప్పుల్లో వైరు ఒక్క దవడకే కలిపి ఉంటుంది. ఆ దవడ పోస్టుకు ఆనకపోతే కరెంటంతా మధ్యలోని స్ప్రింగు గుండానే పోతుంది. క్లిప్పు తిప్పి, వైరున్న దవడ పళ్లు సీసంలో కరిచేలా పెడితే సరిపోతుంది. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్టలా వదిలేసినా వేడెక్కుతుంది, మొత్తం విప్పి పరచండి.

‘ఇంజన్ స్టార్ట్’ పెట్టినా సెల్ఫ్ తిరగట్లేదు

అది ఛార్జింగ్ కోసం కాదు, ఊతం కోసం. కొన్ని సెకన్లు కొట్టి, ఛార్జర్ మీద రాసినన్ని నిమిషాలు ఆగాలి. బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉంటే ముందు 10 ఆంపియర్ల మీద కాసేపు ఎక్కించి, అప్పుడు కొట్టండి.

రాత్రి ఫుల్, తెల్లారేసరికి డౌన్

ఛార్జర్ తీయగానే మీటరు 13 చూపిస్తే మురిసిపోకండి, అది పైపై ఛార్జి. కొన్ని గంటలాగాక 12.6 ఉంటే నిండినట్టు, 12.2 ఉంటే సగమే. కారు నుంచి విప్పి పక్కన పెట్టినా ఇలాగే దిగిపోతే బ్యాటరీ మార్చాల్సిందే. విప్పినప్పుడు నిలబడి, కారులో పెడితే దిగిపోతే, బండిలో ఏదో కరెంటు తాగుతోంది. మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, విప్పిన మైనస్ వైరుకూ పోస్టుకూ మధ్య కలిపి, కారు లాక్ చేసి అరగంట ఆగండి. మామూలుగా 50 మిల్లీఆంపియర్లు దాటకూడదు. దాటితే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ రండి, దేనికి మీటరు పడిపోతే లోపం ఆ లైనులోనే. మీటరు అలా కలిపి ఉండగా మాత్రం సెల్ఫ్ కొట్టకండి, దాని ఫ్యూజు ఎగిరిపోతుంది.