యలహంక ఎయిర్ షోకి ఇంటిల్లిపాదీ వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

బెంగళూరు పక్కన యలహంక వైమానిక స్థావరంలో జరిగే ఎయిర్ షో, ఏరో ఇండియాకి వెళ్తున్నాం అనగానే ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి మాట, "విమానాలు మీద పడవు కదా?" అని. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2010 మార్చి 3న బేగంపేట ప్రదర్శనలో నౌకాదళం వారి విన్యాసాల బృందం సాగర్ పవన్ విమానం బోయినపల్లిలో ఇళ్ల మధ్య కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. 2019 ఫిబ్రవరి 19న యలహంకలోనే, రిహార్సల్లో వైమానిక దళం విన్యాసాల బృందం సూర్యకిరణ్ విమానాలు రెండు ఢీకొని వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ ప్రాణాలు కోల్పోయారు. రెండుసార్లూ విమానాలు పడింది సందర్శకుల మధ్య కాదు, బయట. 2015లో ఇంగ్లండ్‌లోని షోరమ్‌లో పాతకాలపు హాకర్ హంటర్ జెట్ కూలినప్పుడు చనిపోయిన 11 మందీ ప్రాంగణం బయట రోడ్డు మీద ఉన్నవాళ్లే.

లోపల కూర్చున్నవాళ్లకి, విన్యాసాలు జరిగే చోటుకి మధ్య ఎంత దూరం ఉండాలో ముందే లెక్కగట్టి పెడతారు. స్థావరం బయట బళ్లారి రోడ్డు పక్కన బండి ఆపి చూసేవాళ్ల కోసం ఆ లెక్క ఎవరూ వేయరు. పైగా వెనక వచ్చే డ్రైవర్ కళ్లు కూడా ఆకాశంలోనే ఉంటాయి. కాబట్టి చూస్తే టికెట్ కొనుక్కుని చూడండి, లేదా టీవీలో చూడండి. ఫ్లైఓవర్ మీద మాత్రం ఆగకండి.

లోపలికి వెళ్లాక ఎండ సంగతి. 2024 అక్టోబర్ 6న చెన్నై మెరీనాలో వైమానిక దళం డెబ్బైకి పైగా విమానాలతో ప్రదర్శన ఇచ్చింది. విమానాలన్నీ క్షేమంగా తిరిగొచ్చాయి. చూడటానికి వచ్చిన లక్షల మందిలో ఐదుగురు తిరిగి ఇంటికి చేరలేదు. చాలామంది పొద్దున్నుంచే ఇసుకలో కూర్చున్నారు. షో పదకొండింటికి మొదలై ఒంటిగంటకి ముగిసేసరికి ఒంట్లో నీరు అయిపోయింది. అప్పుడు అందరూ ఒకేసారి లేచి రైల్వే స్టేషన్ల మీద పడ్డారు.

బెంగళూరు ఫిబ్రవరి కదా, చల్లగా ఉంటుందిలే అనుకోవద్దు. పొద్దున ఏడింటికి స్వెటర్ వేసుకున్నవాళ్లే పన్నెండింటికి తల మీద చున్నీ కప్పుకుని నీడ వెతుక్కుంటారు. రన్‌వే పక్కన చెట్లు ఉండవు. టోపీ, పొడుగు చేతుల కాటన్ చొక్కా, మనిషికో నీళ్ల సీసా పెట్టుకోండి. సీసా లోపలికి రానిస్తారో లేదో టికెట్‌తో వచ్చే నిబంధనల్లో చూసుకోండి. రానివ్వకపోతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లయినా జేబులో వేసుకుని, లోపల నీళ్లు కొని కలుపుకోవచ్చు. మా ఆడవాళ్లు చేసే పని ఒకటుంది. టాయిలెట్ దగ్గర క్యూకి భయపడి పొద్దున్నుంచి గుక్క నీళ్లు కూడా తాగరు. వడదెబ్బకి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. క్యూలో నిలబడితే పోయేది ఒక్క విన్యాసమే. ఎండలో ఉన్న మనిషి తికమకగా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా, సోలిపోతున్నా నీడకి తీసుకెళ్లి తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ మెడికల్ టెంట్‌కి కబురు పంపండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.

షుగర్, బీపీ మాత్రలు వేసుకునే తాతయ్యలకీ, చంటిపిల్లలకీ ఇది సరైన చోటు కాదు. పాత విమానాలే చూడాలనుకుంటే మారతహళ్లి దగ్గర హెచ్‌ఏఎల్ మ్యూజియం ఉంది. మనవాళ్లు తయారుచేసిన యుద్ధవిమానం మారుత్‌ని తీరిగ్గా చుట్టూ తిరిగి చూడొచ్చు.

ఇక చెవులు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని ఎనిమిది గంటలు భరించొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుంది. 100 దగ్గర పావుగంటే. ఆఫ్టర్‌బర్నర్ (ఇంజన్ వెనక అదనంగా ఇంధనం మండించే ఏర్పాటు) వేసుకుని లేచే సుఖోయ్ యుద్ధవిమానం అంతకు చాలా పైనే ఉంటుంది. శబ్దం వినపడ్డాక మూసుకుందాంలే అంటే కుదరదు. జెట్ దాదాపు మీదికి వచ్చేదాకా దాని మోత మనకి సరిగ్గా అందదు. దూది పెట్టుకుంటే పెద్దగా ఉపయోగం లేదు. మెడికల్ షాపులో ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ దొరుకుతాయి. దాన్ని వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి పట్టుకోవాలి. పైపైన గుచ్చుకుంటే పెట్టుకోనట్టే. పిల్లలకి హెడ్‌ఫోన్‌లా ఉండే ఇయర్‌మఫ్స్ నయం.

పాతకాలపు రవాణా విమానం డకోటా ఎగిరేటప్పుడు ప్లగ్ తీసేయాలనిపిస్తుంది, నిజమే. ఆ రెండు పిస్టన్ ఇంజన్ల గురగుర వేరు. 1947 అక్టోబర్ 27న సిక్కు రెజిమెంట్ సైనికుల్ని శ్రీనగర్‌లో దింపిన డకోటా నంబరు వీపీ 905. వైమానిక దళం ఇప్పుడు ఎగరేస్తున్న డకోటాకీ అదే నంబరు పెట్టుకుంది. వినండి, కానీ వెనకే వచ్చేది ఏమిటో షెడ్యూల్లో చూసుకుని వినండి. అన్నట్టు, పాత విమానం గాలి బాగోకపోయినా, ఇంజన్ మొరాయించినా ఎగరదు. పిల్లలకి ముందే మాటివ్వకండి.

నేల మీద నిలిపిన విమానాల దగ్గర ప్రొపెల్లర్ ముందు నిలబడి సెల్ఫీలొద్దు. ఆగి ఉన్న పిస్టన్ ఇంజన్ కూడా కదిలిస్తే ఒక్కసారిగా తిరగొచ్చు. వేలాడే ఎర్ర రిబ్బన్లు అలంకారం కాదు, సెన్సర్ల మూతలకీ పిన్నులకీ కట్టినవి. పిల్లలు ముందు లాగేది వాటినే. తిని మిగిలిన పులిహోర బయట పారేయకండి, గద్దలు దిగి విమానాలకి అడ్డొస్తాయి. వాటి భయంతోనే 2025లో స్థావరం చుట్టూ 13 కిలోమీటర్ల దాకా మాంసం అమ్మకాలు ఆపించారు.

కారు తెచ్చుకోకపోవడమే మేలు. 2019 ఫిబ్రవరి 23న పార్కింగ్‌లో ఎండుగడ్డి అంటుకుని దాదాపు 300 కార్లు కాలిపోయాయి. తప్పక తెస్తే గడ్డి లేని చోట పెట్టండి. సెంటు స్ప్రేలు, లైటర్లు లోపల వదలకండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే ఉంటే కాలిన కారుకి పైసా రాదు. హిందూపురం, అనంతపురం వైపు నుంచి వచ్చేవాళ్లకి యలహంకలో ఆగే రైళ్లున్నాయి, అక్కణ్నుంచి ఆటో.

జనంలో ఫోన్లు పనిచేయవు. టికెట్, ఆధార్ స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోండి, పిల్లల ముంజేతి మీద మీ నంబరు పెన్నుతో రాయండి, తప్పిపోతే ఎక్కడ కలవాలో లోపలికి వెళ్లగానే అనుకోండి. షో అవగానే గేటు వైపు పరిగెత్తకుండా ఒక గంట నీడలో కూర్చుని బయల్దేరండి. ఆ రోజుల్లో కెంపేగౌడ ఎయిర్‌పోర్టుకి వెళ్లాల్సిన చుట్టాలుంటే విన్యాసాల వేళల్లో విమానాలు ఆపుతారని, దారంతా ట్రాఫిక్ అని ముందే చెప్పండి. ఇంటికొచ్చాక చెవిలో గుయ్‌మంటే కంగారు లేదు. మర్నాటికీ తగ్గకపోతే మాత్రం ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి.