ఇంటి రీఫ్, ఏడో పాఠం: పగడాల మధ్యకి కొరికే చేప

ఇంటి రీఫ్ అంటే ఇంట్లోనే పగడాలూ సముద్రపు చేపలూ పెంచే ఉప్పునీటి ట్యాంకు. ఆరో పాఠం దాకా నాతో వచ్చినవాళ్ల ట్యాంకులో ఈపాటికి రాళ్లు కుదురుకుని ఉంటాయి. జోయాంథిడ్లు, అంటే చిన్న పూలలా విచ్చుకునే మెత్తటి పగడపు జీవులు, రెండు మూడు రంగుల్లో రాతిని పట్టుకుని పాకుతుంటాయి. లెదర్ అనే మెత్తటి పగడం పగలంతా వేళ్లు విప్పుకుని నిలబడుతుంది. క్లౌన్ చేపల జంట ఓ మూల కాపురం పెట్టేసి ఉంటుంది. సరిగ్గా ఇక్కడే మనకి చేతులు దురద పెడతాయి. అన్నీ చిన్నవే, ఇంటికొచ్చినవాళ్లు ఆగి చూసే చేప ఒక్కటీ లేదే అనిపిస్తుంది. చిక్కేమిటంటే, ఆగి చూసే చేపల్లో చాలావాటికి కొరికే బుద్ధి ఉంటుంది. ఏంజెల్, ట్రిగ్గర్, బటర్‌ఫ్లై, పఫర్, అన్నీ ఆ బాపతే. లయన్ అయితే కొరకదు, మింగేస్తుంది.

దుకాణంలో అడిగితే "ఏమీ చెయ్యదు సార్, రీఫ్ సేఫ్" అంటారు, పగడాల జోలికి పోదని. ఆ మాట మీద నాకు గురి లేదు. పగడాన్ని చేప కొరుకుతుందా లేదా అన్నది జాతిని బట్టి సగమే తెలుస్తుంది. మిగతా సగం దాని ఆకలి, ట్యాంకు పొడవు, ఎవరు ముందొచ్చారన్నది, ఆ ఒక్క చేప తిక్క. అందుకని ఈ పాఠంలో వరస తిరగేస్తున్నాను. చేపని బయటికి తీయడం ముందు నేర్చుకుందాం. తేవడం సంగతి తర్వాత.

నేను ఇది వెనకనుంచి నేర్చుకున్నాను. మా నాలుగడుగుల ట్యాంకులో కోరల్ బ్యూటీ అనే చిన్న ఏంజెల్ ఉండేది. నారింజ ఒంటికి నీలిరంగు అంచు, మహా అయితే పది సెంటీమీటర్లు. ఎనిమిది నెలలు రాళ్ల మీద నాచు గీక్కుంటూ బుద్ధిగా బతికింది. పలాసలో పెళ్లికని నాలుగు రోజులు వెళ్లాం. మేత వేస్తానన్న కుర్రాడు రెండు రోజులు మరిచిపోయాడు. తిరిగొచ్చి బరంపురం స్టేషన్లో దిగి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం. ఆ వేళకి దీపం కింద విచ్చుకుని ఉండాల్సిన జోయాంథిడ్లు గుండీలు పెట్టుకున్నట్టు మూసుకుని ఉన్నాయి. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పది నిమిషాలకి ఒక మొగ్గ మెల్లగా విచ్చుకుంది. ఏంజెల్ అటుగా వచ్చి, ఓ కన్ను దాని మీద పెట్టి ఆగి, టక్కున ఒక్క పోటు. మొగ్గ ముడుచుకుపోయింది. చేప ఏమీ ఎరగనట్టు పక్క రాయికి వెళ్లింది. ఆ రోజు నుంచి ఎంత మేత వేసినా ఆ రుచి మరవలేదు. దాన్ని పట్టడానికి పదకొండు రోజులు పట్టింది. ఈలోగా జోయాంథిడ్ల ముద్దలు రెండు పోయాయి.

మీ ట్యాంకులోనూ పగటిపూట పగడం కారణం లేకుండా ముడుచుకుని ఉంటే నీటి పరీక్షలకి పరుగెత్తే ముందు అరగంట కదలకుండా కూర్చుని చూడండి. నీరు చెడితే అన్నీ ముడుచుకుంటాయి. చేప కొరికితే ఒక వైపువే ముడుచుకుంటాయి, అదీ చేప తిరిగే వైపు.

ఇక పట్టే సాధనం. రెండు లీటర్ల నీళ్ల సీసా తీసుకోండి. భుజం దగ్గర అడ్డంగా కోయండి. కోసిన పై ముక్కకి బిగువైన మెడని కూడా తీసేయండి. మిగిలిన కన్నం చేప నిలువెత్తుకన్నా ఒక వేలు ఎక్కువ వెడల్పుండాలి, అంతకు మించొద్దు. ఆ ముక్కని తిరగేసి, గరాటులా సీసాలోకి దూర్చి, నాలుగు చోట్ల కన్నాలు పొడిచి నైలాన్ దారంతో కుట్టేయండి. కోసిన అంచుల్ని ఉప్పుకాగితంతో రుద్దకపోతే చేప ఒళ్లు గీరుకుంటుంది. నీరు ఆడటానికి పక్కల్లో వేడి సూదితో కన్నాలు పొడవండి. బరువుకి లోపల ఒక రాయి. ఇనుప మేకులూ తీగలూ వద్దు, ఉప్పునీటిలో తుప్పు పడతాయి.

సీసా దించగానే చేప పడుతుందని ఆశపడకండి. మొదటి మూడు రోజులు మేతని సీసా పక్కన వేయండి, తర్వాత మూతి దగ్గర, ఆ తర్వాతే లోపల. ఇంకా మంచి పద్ధతేమిటంటే, కొత్త చేప వచ్చిన నాటి నుంచే వారానికి ఒకసారి సీసాలో మేత తినిపించడం. అలవాటైన చేప పిలవకుండానే దూరుతుంది. నేనిప్పుడు చేసేది అదే. తీసిన చేపకి చోటు కూడా ముందే మాట్లాడి పెట్టుకోవాలి. నా ఏంజెల్ ఇచ్ఛాపురంలో పగడాలు లేని ట్యాంకున్న స్నేహితుడి దగ్గరికి చేరింది. గోపాలపూర్ తీసుకెళ్లి సముద్రంలో వదిలేద్దామనే ఆలోచన మాత్రం వద్దు. మన వైపు సముద్రాల లయన్ చేప 1985లో అమెరికాలో ఫ్లోరిడా తీరాన మొదటిసారి కనబడింది. ఇళ్లలో పెంచినవాళ్లు వదిలినవే కారణమని భావిస్తారు. ఇప్పుడక్కడ చిన్న చేపల్ని ఊడ్చేస్తోంది.

ఇంతకీ ఏ చేప తేవచ్చు? ఇంటికి తేకూడనివి ముందు చెప్తాను. నారింజ చుక్కల ఫైల్ చేప, పగడమే మేతగా బతికే కొన్ని బటర్‌ఫ్లైలు. సముద్రంలో ఇవి బతికున్న పగడాన్నే తింటాయి. మన మేత ముట్టక చాలావరకు ఎండిపోయి చస్తాయి. చక్రవర్తి ఏంజెల్ పిల్లగా ఉన్నప్పుడు నీలం తెలుపు సుడులతో మనసు లాగేస్తుంది కానీ ముప్పై సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది. నాలుగడుగుల ట్యాంకులో దానికీ సుఖం లేదు, మన పగడానికీ లేదు.

తెచ్చి చూడదగ్గది కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై. ఐప్టేషియా అనే చిన్న గాజు ఎనిమోన్లు (పగడాల చుట్టాలైన మెత్తటి జీవులు) రాళ్ల మీద కలుపు మొక్కల్లా పెరిగితే, పొడుగు ముక్కుతో వాటిని పీక్కుతింటుంది. గొట్టంలోంచి ఈకల్లాంటి కుచ్చు చాపే ఈకల పురుగుల్నీ తింటుంది, వాటి మీద ఆశ వదులుకోండి. దీనితో అసలు కష్టం మేత. వచ్చిన కొత్తలో ఏదీ ముట్టదు. నాకు పనికొచ్చింది గుల్లలు. గోపాలపూర్ ఒడ్డున చేపలమ్మే ఒకామెని పన్నెండు గుల్లలు అడిగితే బుట్ట మీంచి చెయ్యి తీసి నా మొహం చూసింది.

"పన్నెండేటి బాబూ, తవ్వెడైనా కొనవా? ఎవులు తింటారు పన్నెండు?"

"నాకు కాదమ్మా, మా ఇంట్లో చేపకి."

"సేపకి గుల్లలా! మా ఇంట్లో మడుసులకే రోజూ దొరకవు" అని పక్కామెకి చెప్పి ఇద్దరూ నవ్వారు. ఒకటి ఎక్కువే వేసింది.

ఆ గుల్లల్ని కడిగి, రెండు వారాలు ఫ్రీజర్లో ఉంచి, ఒక్కొక్కటీ కరిగించి, సగం చిప్ప తీసేసి, మాంసం ఉన్న సగాన్ని రెండు రాళ్ల నడుమ పైకి కనబడేలా ఇరికిస్తాను. చేప మొదటి రోజు చుట్టూ తిరిగి చూస్తుంది. రెండో రోజో మూడో రోజో ముక్కు పెడుతుంది. మూడు గంటల తర్వాత తినకపోయినా చిప్ప తీసేయాలి, మన ఎండలకి ఇల్లంతా కంపు కొడుతుంది. గుల్లకి అలవాటయ్యాక అదే చిప్పలో మైసిస్ అనే చిట్టి రొయ్య నింపి పెడితే రెండు వారాల్లో మామూలు మేతలోకి దిగుతుంది.

ట్రిగ్గర్ కావాలని పట్టుబట్టేవాళ్లు నైగర్‌నో, నీలి దవడ ట్రిగ్గర్‌నో చూడండి. ఇవి సముద్రంలో నీటి మధ్యన తేలే సూక్ష్మజీవుల్ని తినే రకం కాబట్టి పగడం జోలికి పెద్దగా పోవు. రొయ్యలకి మాత్రం నేను హామీ ఇవ్వను. నైగర్ బాగా పెరుగుతుంది, నాలుగడుగుల ట్యాంకు దానికి చాలదు, ఆరడుగులుంటేనే అనుకోండి. క్లౌన్ ట్రిగ్గర్, నారింజ గీతల ట్రిగ్గర్ రెండూ ఇసుకలోకి నోటితో నీరు ఊది గుంటలు తవ్వుతాయి, రాళ్లు దొర్లిస్తాయి, హీటర్ తీగ కూడా కొరుకుతాయి. ఏ ట్రిగ్గర్ ఉన్నా రాళ్లని ఇసుక మీద పేర్చకండి. ముందు రాళ్లు అడుగు గాజుని ఆనేలా పెట్టి, ఇసుక తర్వాత పోయండి.

ట్రిగ్గర్ పేరులోనే దాని కీలకం ఉంది. భయపడితే రాతి కన్నంలోకి దూరి వీపు మీది మొదటి ముల్లు నిలబెడుతుంది. వెనక ఉన్న చిన్న ముల్లు దానికి గడియ వేస్తుంది. పెద్ద ముల్లుని ఎంత నొక్కినా వంగదు. చిన్నదాన్ని నొక్కితే గడియ ఊడి పెద్దది పడిపోతుంది. కన్నంలో బిగుసుకున్న ట్రిగ్గర్‌ని లాగకండి. రాయితో సహా నీళ్ల బకెట్లోకి దించి, అదే బయటికొచ్చేదాకా దీపం ఆర్పి ఉండండి.

పఫర్ గురించి రెండు మాటలు. పళ్లు జీవితాంతం పెరుగుతాయి కాబట్టి గట్టి చిప్పలున్న మేత లేకపోతే నోరు మూసుకుపోతుంది. దాన్ని వలతో పైకెత్తకూడదు, గాలి మింగేస్తే కక్కలేక అవస్థ పడుతుంది. గిన్నెతో నీళ్లలోనే తీయండి. లయన్ చేప పగడాన్ని అసలు ముట్టదు, నోట్లో పట్టే చేప ఏదున్నా మింగుతుంది. దాని ముళ్లలో విషం ఉంటుంది. గుచ్చుకుంటే, 45 డిగ్రీలు దాటకుండా, ఓర్చుకోగల వేడినీటిలో చెయ్యి ఉంచుతూ ఆసుపత్రికి బయల్దేరండి. వేడి సరిచూడటానికి గుచ్చుకోని చెయ్యి వాడండి, నొప్పిలో ఉన్న చెయ్యికి కాలుతున్నదీ తెలియదు.

మేత విషయంలో పొదుపు పనికిరాదు. కొరికే చేపకి రోజుకి మూడుసార్లు, కొంచెం కొంచెం, దానికి తోడు నోరి నాచు రేకు ఒకటి క్లిప్పుకి. దాంతో నీటిలో నైట్రేట్ అనే మలినం పెరుగుతుంది కాబట్టి మురికిని నురుగుగా తీసే స్కిమ్మర్ కప్పు తరచూ కడగాలి, వారం వారం పదో వంతు నీరు మార్చాలి. పెద్ద చేప ప్రాణవాయువు కూడా ఎక్కువ తాగుతుంది. 2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేని సంగతి మన వైపు ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు. బ్యాటరీ ఎయిర్ పంపు లేనివాళ్లు ఈ పాఠంలోని చేపల జోలికి రాకండి.

సముద్రం నుంచి పగడాలు తెచ్చుకోవచ్చా అని మళ్లీ అడుగుతున్నారు కనుక: రీఫ్ కట్టే గట్టి పగడాలు, నిప్పు పగడం, సముద్రపు విసనకర్రలు 2001 నుంచి 1972 నాటి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. ఒడ్డుకి కొట్టుకొచ్చిన ముక్కయినా ఏరుకురావద్దు, ఎవరమ్మినా కొనొద్దు.

వచ్చే పాఠానికి ఇంటిపని: సీసా బోను తయారు చేసి, ఇప్పుడున్న క్లౌన్ జంటకి అందులో మూడుసార్లు మేత తినిపించండి. ఎన్నో రోజున లోపలికి దూరాయో రాసి పెట్టుకోండి. ఎనిమిదో పాఠంలో కొత్త చేపని విడిగా ఉంచే క్వారంటైన్ ట్యాంకు, రాగి మందు, దాన్ని రీఫ్ దరిదాపులకి రానివ్వకుండా వాడే పద్ధతి.