ఆ పాత గన్ ఇచ్చేయకండి: కేవ్ స్టోరీ కొత్తగా ఆడేవాళ్లకు

దేవరకొండలో నా జిరాక్స్ షాపుకు మధ్యాహ్నం రెండు దాటితే గిరాకీ ఉండదు. అప్పుడు నేను ఆడేది ఒక్కటే గేమ్, కేవ్ స్టోరీ. జపాన్‌లో దైసుకే అమయా అనే ఆయన అయిదేళ్లు ఒక్కడే కూర్చుని కథ, బొమ్మలు, సంగీతం అన్నీ చేసి 2004లో ఉచితంగా వదిలాడు. గాల్లో తేలే దీవి, అందులో గతం మరిచిపోయిన రోబో. షాపులో ఉన్న ముసలి కంప్యూటర్‌లో కూడా హాయిగా నడుస్తది.

దసరా సెలవులకు మిర్యాలగూడ నుంచి వచ్చిన మా అల్లుడు పది నిమిషాలు ఆడి, "మామా, వీనికి గన్నే లేదు!" అని లేచాడు. అందరూ ఆగిపోయేది అక్కడే. తలుపు దాటి గుహలోకి రాగానే ఎడమవైపు పోవాలి. అక్కడ తుపాకులు చేసే ముసలాయన, గన్‌స్మిత్, నిద్రపోతుంటాడు. పక్కన పెట్టె దగ్గర కింది బాణం నొక్కితే పోలార్ స్టార్ అనే గన్ మీదే. దొంగతనమే, ఏం చేస్తాం.

జెడ్‌తో దూకడం, ఎక్స్‌తో కాల్చడం. జెడ్ నొక్కి పట్టుకుంటే ఎత్తుకు లేస్తాడు, తట్టి వదిలితే చిన్న గెంతు. నా కీబోర్డులో జెడ్ అక్షరం ఎప్పుడో అరిగిపోయింది. మొదట్లో ప్రాణం 3 మాత్రమే, ముళ్ల మీద పడితే అంతే సంగతులు. ఫ్లాపీ బొమ్మ కనబడ్డ ప్రతిసారీ సేవ్ చేయండి. మాకు కరెంటు పోయినప్పుడల్లా ఈ పాఠం గుర్తొస్తది.

అసలు కిటుకు పసుపుపచ్చ త్రికోణాల్లో ఉంది. శత్రువు చస్తే రాలుతాయి, ఏరుకుంటే చేతిలో ఉన్న గన్ బలం పెరుగుతుంది. ఒక్కో గన్‌కు మొత్తం మూడు లెవెళ్లు. దెబ్బ తగిలితే మాత్రం ప్రాణంతో పాటు చేతిలో ఉన్న గన్ బలం కూడా దిగిపోతది! అందుకే మా అల్లుడిలా మీదికి ఉరికి కాల్చకండి. దూరం నుంచి రెండు కాల్చి, వెనక్కి జరిగి, మళ్లీ కాల్చండి. అయితే త్రికోణాలు కాసేపటికి మాయమవుతాయి, మరీ భయపడి దాక్కున్నా లాభం లేదు.

ఇసుక నేల వచ్చాక కర్లీ అనే అమ్మాయితో కొట్లాట ఉంటుంది. గెలిచాక పోలార్ స్టార్ ఇస్తే మెషిన్ గన్ ఇస్తానంటుంది. వద్దనండి. చాలాసేపటి తర్వాత అదే పాత గన్‌తో గుహలోని ముసలాయన దగ్గరికి తిరిగిపోతే, దాన్ని స్పర్ అనే గన్‌గా మార్చి ఇస్తాడు. ఎక్స్ నొక్కి పట్టుకుని వదిలితే దాని దెబ్బ చూడాలి!

ఇదంతా చెప్పినా మా వాడు మెషిన్ గన్నే తీసుకున్నాడు. ఆ గన్ మూడో లెవెల్‌కు చేరాక కిందికి కాలుస్తూ పైకి ఎగిరిపోతుంటే, "చూడు మామా" అని అరిచాడు. జిరాక్స్ కోసం వచ్చిన పెద్దాయన కూడా కాగితాలు పట్టుకుని అట్లే నిలబడిపోయాడు.